లడ్డుకు రెండు కుండలు

వందనకు కోపం తెప్పించడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. ఆమె చేసిన వస్తువును చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, అవసరం లేదని మళ్లీ అక్కడే పెట్టేస్తే చాలు. జూలై మొదటి ఆదివారం, కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఉన్న వాళ్ల చేపల తొట్ల దుకాణంలోకి తడిసిన చొక్కాతో వచ్చిన ఒక పొడుగాటి మనిషి సరిగ్గా అదే పని చేశాడు.

నాలుగడుగుల గాజు తొట్టి కావాలన్నాడు. పైన జాలీ మూత, ముందు పక్కకు జరిగే అద్దం తలుపు ఉండాలన్నాడు. కొలతలన్నీ సూత్రాల్లాగా చిన్న పుస్తకంలో రాసుకొచ్చాడు. తొట్లు చేసేది వందన తండ్రి సదానందం. తొట్టి లోపల పెట్టే గుహలు, వంతెనలు, కోటలు అన్నీ వందన చేతి పనే. సిమెంటు, మట్టి కలిపి ఆమె చేసిన ఎలగందుల ఖిల్లా బొమ్మ కోసం వరంగల్ నుంచి కూడా మనుషులు వస్తారు. ఆ మనిషి ఆ ఖిల్లానే తిప్పి చూసి పెట్టేశాడు.

"ఏం చేపలు సార్?" అని అడిగింది వందన, కోపాన్ని కాసేపు పక్కన పెట్టి.

"చేపలు కావు. పాము."

సదానందం చేతిలోని కొలతల టేపు టక్కున వెనక్కి ముడుచుకుపోయింది. వందన మాత్రం స్టూలు ముందుకు జరుపుకుంది.

అతని పేరు కరుణాకర్. నస్పూర్‌లో ఉంటాడు, బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. పామును పెంచింది వాళ్ల అన్న. మస్కట్‌కు పోతూ పోతూ తమ్ముడి చేతిలో పెట్టిపోయాడు. అది ఆఫ్రికా పాము, విషం లేదు, బాల్ పైథాన్ అంటారు. మన పాముల్ని ఇంట్లో పెట్టుకుంటే నేరమని అతనికి తెలుసు కాబట్టి, ఎవరూ అడగకముందే అటవీశాఖ కాగితాల ఫోటో ఫోనులో చూపించాడు. పాము పేరు లడ్డు.

లోపలికి ఏమేం కావాలని వందన అడిగింది. కొమ్మలా, గుహలా, ఆకులా అని.

"ఏం వద్దు మేడమ్. వేడి, నీళ్లు, తిండి ఉంటే చాలు. మిగిలినయన్ని ఆప్షనల్."

"మీ ఇంట్ల మంచం ఉందా సార్?" అంది వందన. మంచం కూడా ఆప్షనలే కదా అని అంటించాలని ఆమె ఎత్తు.

"లేదు. చాప మీద పండుకుంట."

మాటల్లో వందన ఓడిపోయింది. ఇరవై ఐదేళ్ల జీవితంలో ఇలాంటి సందర్భాలు చాలా తక్కువ. తండ్రి నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగి అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

తర్వాత అసలు సంగతి బయటికొచ్చింది. లడ్డు నాలుగు నెలలుగా తినడం లేదు. ఈ జాతి పాములు కొన్నాళ్లు ఉపవాసం ఉండడం మామూలేనట, కానీ ఇది రోజురోజుకూ తేలికైపోతోంది. డాక్టరు చూసి రోగమేమీ లేదన్నాడు. కొత్త తొట్టి కరుణాకర్ చేస్తున్న ఆఖరి ప్రయత్నం. ఆగస్టు ముప్పైలోగా తినకపోతే, ఇలాంటి పాముల్ని ఇరవై దాకా పెంచుతున్న హైదరాబాద్ ఆయన వచ్చి తీసుకుపోతానన్నాడు. కాగితాలు మార్చడానికి కూడా మాట్లాడుకున్నారు. కొలతలు చెప్పినప్పుడు గట్టిగా ఉన్న అతని గొంతు ఆ తేదీ దగ్గర సన్నబడింది.

"అన్న ఇంకేం అడగలే నన్ను. దీన్ని చూసుకో అన్నడు, గంతే," అన్నాడు.

వందనకు అప్పుడే నిర్ణయం అయిపోయింది. తొట్టి లోపలి పని తనకు వదిలెయ్యమంది. ముప్పయ్యో తారీఖుకు లడ్డు తినకపోతే తన బొమ్మలు తానే ఆటోలో వేసుకుని వెనక్కి తెచ్చుకుంటానంది. అతను వద్దని చెప్పడానికి నోరు తెరిచాడు గానీ, అప్పటికే ఆమె అతని పుస్తకం లాక్కుని అందులో తన ఫోన్ నంబరు రాసేసింది.

మరుసటి ఆదివారం తొట్టితో పాటు ట్రాలీ ఆటోలో వందన కూడా నస్పూర్‌లో దిగింది. కరుణాకర్ ఉండేది శంకరవ్వ అనే ముసలామె ఇంటి పైగదిలో. గదిలో నిజంగానే ఒక చాప, ఒక స్టవ్, ఒక కుర్చీ, గోడకు మూడు థర్మామీటర్లు ఉన్నాయి. లడ్డు ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. గోధుమరంగు, నలుపు మచ్చలు, చిన్న తల. అంత అందంగా ఉంటుందని వందన అనుకోలేదు.

భయం లేదని చూపించడానికి చెయ్యి చాచింది. అతను మెల్లగా పామును ఆమె అరచేతుల్లో పెట్టాడు. పాము మెలికలు తిరిగి, తలను మధ్యలో దాచేసుకుని, గుండ్రంగా ముద్దైపోయింది.

"భయమైతే గిట్ల అయితది. అందుకే లడ్డు," అన్నాడు కరుణాకర్.

"నన్ను చూసి దానికి భయమా?"

"మీకు దాన్ని చూసి లేదా? చేతులు వణుకుతున్నయి."

వణుకుతున్నాయని ఆమె ఒప్పుకోలేదు. రైలు పోతోంది, ఇల్లు కదులుతోందంది. చుట్టుపక్కల ఎక్కడా రైలు కూత వినిపించలేదు. కరుణాకర్ మొదటిసారి నవ్వాడు. అతని ఎడమ బుగ్గ మీద బొగ్గు గీత ఒకటి సబ్బుకు కూడా లొంగకుండా ఉండిపోయిందని వందన అప్పుడే గమనించింది. అనవసరంగా గమనించానని కూడా అనుకుంది.

ఖిల్లాను తొట్టి మధ్యలో పెట్టింది. ఆరు కిటికీలు, ఎత్తయిన దర్వాజా, పైన బురుజులు. కింద కొబ్బరి పీచు పొడి పరిచింది. వెలుతురు పడితే లోపల పాము ఎంత బాగా కనిపిస్తుందో చూడమని అతన్ని పిలిచి మరీ చూపించింది.

ఆ వారమంతా రోజుకొక ఫోటో వచ్చింది. దాని కింద వేడి ఇంత, తేమ ఇంత అని రెండు అంకెలు. గుడ్ మార్నింగ్ లేదు, ఒక నవ్వు బొమ్మ లేదు. వందన ఆ అంకెల కోసం పొద్దున్నే లేచి ఫోను చూసుకోవడం మొదలుపెట్టింది. ఫోటోల్లో లడ్డు ఎప్పుడూ ఖిల్లా బయట, నీళ్ల గిన్నె వెనక నక్కి ఉండేది. ఎలుకను పెడితే ముఖం తిప్పుకునేది.

రెండో ఆదివారం వందన ఖిల్లా ముందు కూర్చుని దాదాపు ఏడుపు ముఖం పెట్టింది. అందులో తప్పేముందని అడిగింది. ఆమెను ఓదార్చడం కరుణాకర్‌కు చేతకాలేదు. చాలాసేపు ఆలోచించి, తనకు తెలిసిన ఒక్క సంగతి చెప్పాడు.

"గనిల కప్పు ఎత్తుగ ఉంటే మాకు భయం. కట్టెతోని తట్టి చూడనీకి అందది. ఏ బండ ఎప్పుడు ఊడుతదో తెల్వది. కప్పు తలకు తగిలేటట్టు ఉంటేనే ధైర్యం. లడ్డుకు గూడ గంతేనేమో."

వందన అతన్ని చూసి, ఖిల్లాను చూసి, తల పట్టుకుంది. ఇన్నేళ్లూ ఆమె చేసిందంతా బయటినుంచి చూసేవాళ్ల కోసం. చేపల తొట్టి ఇంట్లో అందం కోసమే కొంటారు కాబట్టి తప్పు ఎప్పుడూ బయటపడలేదు. లోపల ఉండేదానికి ఏం కావాలని ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. ఆరు కిటికీల ఇంట్లో దాక్కోమంటే ఎవరు మాత్రం దాక్కుంటారు?

అదే రోజు కుమ్మరి దగ్గరికి పోయి రెండు చిన్న కుండలు తెచ్చింది. వాటి మూతి పక్కన పాము పట్టేంత కంత మాత్రం చెక్కి, అంచులు నున్నగా అరగదీసి, బోర్లించింది. ఒకటి వెచ్చగా ఉండే మూలన, ఒకటి చల్లగా ఉండే మూలన. రెంటికీ మధ్య ఎండిన టేకాకులు, మరిగే నీళ్లలో కడిగి ఆరబెట్టిన ఒక వంకర కొమ్మ. చూడడానికి పెంటకుప్పలా ఉందని వందనకే అనిపించింది. గంట తిరక్కుండా లడ్డు ఆకుల కిందుగా జారుకుంటూ వచ్చి, కంతలో తల పెట్టి, నాలుక ఆడించి, మెల్లగా లోపలికి మాయమైపోయింది.

కరుణాకర్ అంకెలు రాసుకోవడం కూడా మర్చిపోయి అలాగే చూస్తుండిపోయాడు. వందన మాత్రం లడ్డును వదిలేసి అతన్నే చూసింది.

అలా ఆదివారాలు సాగాయి. ఒక వారం కొమ్మ స్థానం మార్చింది, ఇంకో వారం కొత్త ఆకులు తెచ్చింది. వాసన మారితే పాముకు కొత్త వీధి చూసినట్టు ఉంటుందని ఎక్కడో చదివానంది. అతను నిజమేనని ఒప్పుకుని, ఒకరోజు గని దగ్గర నుంచి మోదుగాకులు ఏరుకొచ్చాడు. కాని లడ్డు తినలేదు. కుండలో ఉంటుంది, రాత్రుళ్లు కొమ్మ ఎక్కుతుంది, ఎలుకను మాత్రం ముట్టదు. ఆగస్టు సగానికి వచ్చింది. తండ్రి ఇంట్లో మెల్లగా, బిడ్డా ఇది పాము పనేనా అని అడిగాడు. వందన పామేనంది, కళ్లు మాత్రం పైకెత్తలేదు.

ఆగస్టు పదహారున, కుండను కడుగుదామని తీస్తే, దాని మీద పసుపు వేలిముద్రలు కనిపించాయి. నాలుగు వేళ్లు, పైన బొటనవేలు. ఎవరో కుండను రోజూ ఎత్తి పెడుతున్నారు.

ఇంతకుముందు లడ్డు ఎక్కడ బాగా తినేదని వందన అడిగింది. పాత ఇంట్లో అన్నాడు కరుణాకర్. ఈ ఇంటికి వచ్చాకే మానేసింది. గదిలో అప్పుడప్పుడూ ఊదుబత్తి వాసన వచ్చేదని, కింది నుంచి వస్తుందనుకున్నానని కూడా అన్నాడు. వందన తిన్నగా మెట్లు దిగింది.

శంకరవ్వ దాచలేదు. కరుణాకర్ డ్యూటీకి పోగానే రెండో తాళంచెవితో తలుపు తీసి, మొదట డబ్బాకు, ఇప్పుడు తొట్టికి పసుపు కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి, స్వామిని దర్శించుకుని, బొట్లు తుడిచేసి వస్తోంది. కుండలు వచ్చాక స్వామి కనిపించక, ఎత్తి చూసి మళ్లీ పెట్టేస్తోంది. పైగా మర్నాడు నాగపంచమి. వాడకట్టు ఆడవాళ్లందరినీ దర్శనానికి రమ్మని చెప్పింది.

"నేను మొక్కితే అది ఉపాసం ఉంటదా బిడ్డా?" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. "వానికి ముప్పై ఏండ్లు దగ్గర పడుతున్నయి. పెండ్లి కాలే. నాగదోషమేమో అని నేనే మొక్కుకున్న."

వందన ముఖం వేడెక్కింది. వెనక మెట్ల మీద నిలబడ్డ కరుణాకర్ గోడ వైపు తిరిగాడు. ముసలామె మీద అరవాలని వచ్చిన వందన ఆమె పక్కనే గద్దె మీద కూలబడింది.

"పెద్దమ్మా, పసిపిల్ల నిద్రపోతుంటే, చూస్తనని రోజూ ఎవరో దుప్పటి గుంజితే ఎట్లుంటది? పిల్ల పాలు తాగుతదా? దానికి అదే అయితుంది. నీ భక్తిల తప్పు లేదు. అది భయపడుతుంది, గంతే."

శంకరవ్వ రేపు వచ్చేవాళ్లకు ఏం చెప్పాలని మాత్రం అడిగింది. వందన ఆ మధ్యాహ్నమంతా వాకిట్లో కూర్చుని చెరువు మట్టి పిసికింది. సాయంత్రానికి అరుగు మీద పడగ విప్పిన మట్టి నాగన్న తయారయ్యాడు, శంకరవ్వ అంత పొడుగు కాకపోయినా ఆమె మోకాలంత ఎత్తు. మట్టి తడపడం, పొలుసులు గీయడం కరుణాకర్ చేశాడు. చేతులు రెండుసార్లు తగిలాయి, మూడోసారి ఎవరూ వెనక్కి తీసుకోలేదు. మర్నాడు ఆడవాళ్లంతా అరుగు మీదే పూజ చేసుకుని పోయారని కరుణాకర్ కబురు పెట్టాడు. అంకెలు లేకుండా అతను పెట్టిన మొదటి కబురు అదే.

పదహారో తారీఖు సాయంత్రం వందన బయల్దేరేముందే శంకరవ్వ రెండో తాళంచెవి తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టేసింది. రెండు వారాలు కుండను ఎవరూ కదిలించకూడదని, ఎలుకను కూడా పెట్టకూడదని, ముప్పయ్యో తారీఖున ఒకే ఒక్కసారి ప్రయత్నించాలని ముగ్గురూ తీర్మానించుకున్నారు.

ముప్పయ్యో తారీఖు ఆదివారం పొద్దుటి నుంచీ ముసురు. హైదరాబాద్ ఆయన నాలుగింటికల్లా వస్తానన్నాడు. రెండున్నరకు కరుణాకర్ కిటికీలకు దుప్పట్లు కట్టాడు. వేడినీళ్లలో వెచ్చబరిచిన చచ్చిన ఎలుకను కుండ కంత ముందు పెట్టి, తలుపు దగ్గరేసి వచ్చాడు. ఎవరైనా చూస్తుంటే అది తినదు. కాబట్టి ఇద్దరూ బయట మెట్ల మీద కూర్చున్నారు. కింద శంకరవ్వ మెట్ల మొదట్లో కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్లను నోటి మీద వేలేసి పంపిస్తోంది.

నలభై నిమిషాలు ఆగాలి. పైన రేకుల మీద వాన గట్టిగా పడుతోంది. చేయడానికి ఇంకేం మిగల్లేదు. మూడింటికి ఫోను మోగింది. హైదరాబాద్ ఆయన పెద్దపల్లి దాటాడు.

"తినకుంటే ఇయ్యాల్నే పోతదా?" అని అడిగింది వందన.

"మాట ఇచ్చిన. అక్కడన్న తింటదేమో. నా దగ్గరనే ఉండాలెనని దాని పానం తీస్తనా?"

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. వందనకు ఏడుపొచ్చింది. అయినా ఆపుకుంది. పాము పోతే ఈ మెట్లు ఎక్కే పని తనకు ఉండదని ఆమెకు తెలుసు. ఆ పని కోసం లడ్డు ఆకలితో ఉండాలని మాత్రం ఆమె కోరుకోలేదు. ఈ రెండింటినీ విడదీయాలంటే ఇప్పుడే విడదీయాలి, తలుపు తీయకముందే.

"కరుణాకర్, ఒకటి చెప్త. లడ్డు తిన్నా, తినకున్నా మారని ముచ్చట. ఎనిమిది ఆదివారాలు వచ్చిన. మొదటి రెండు పాము కోసం వచ్చిన. తర్వాత ఆరు నీ కోసం వచ్చిన."

మొదటిసారి నువ్వు అంది. అతను చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకుని మెట్టునే చూస్తూ ఉండిపోయాడు.

"నేను వారంల ఆరు దినాలు భూమి కింద ఉంట," అన్నాడు చివరికి. "మునుపు ఆదివారం గూడ గట్లనే పోయేది. గీ రెండు నెలల సంది బొగ్గుల పనిచేసుకుంట ఆదివారం ఎన్ని దినాలున్నదని లెక్క పెట్టుకుంటున్న. లోపల తోటోళ్లు నవ్వుతుండ్రు."

"మరి చెప్పకపోతివి?"

"లడ్డు తింటే చెప్దామనుకున్న. తినకుంటే ఏ మొఖం పెట్టుకొని చెప్త?" అతను తలెత్తి ఆమెను సూటిగా చూశాడు. "తప్పు చేసిన. వచ్చే ఆదివారం నేనే కరీంనగర్ వస్త. మీ బాపుతోని మాట్లాడ్త. లోపల ఎట్లున్నా సరే."

వందన తల ఊపింది. అతని చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని, మిగిలిన కాసేపూ అలాగే కూర్చుంది.

టైం అయ్యాక తలుపు తీసింది వందనే. చీకట్లో ముందు ఏమీ కనిపించలేదు. కరుణాకర్ దుప్పటి ఒక మూల పైకెత్తాడు. కుండ ముందు ఎలుక లేదు. ఆకుల మీద దాన్ని లాక్కుపోయిన జాడ ఉంది. కంతలోంచి చూస్తే లడ్డు మెడ కింద పొట్ట ఉబ్బి, లోపల బిగించుకుని చుట్ట చుట్టుకుని ఉంది. నాలుక ఒకసారి బయటికొచ్చి వెళ్లింది.

కరుణాకర్ అక్కడే చాప మీద కూర్చుండిపోయాడు. అరచేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా. వందన అతని భుజం పట్టుకుని తానూ ఏడ్చింది. ఇద్దరూ శబ్దం రాకుండా ఏడ్చారు, లడ్డుకు ఇబ్బంది కలగకూడదని.

హైదరాబాద్ ఆయనకు ఫోన్ చేస్తే, అంత దూరం వచ్చినందుకు విసుక్కోకపోగా, తినడం కంటే మంచి వార్త ఏముందని గోదావరిఖని దగ్గర చాయ్ తాగి వెనక్కి తిరిగాడు. తర్వాత ఫోను వందన తీసుకుంది. మెట్ల మీదికి వచ్చి తండ్రికి చేసింది. కరుణాకర్ ఆమె పక్కన, శంకరవ్వ మూడు మెట్లు కింద, ఇద్దరూ చెవులు రిక్కించుకుని నిలబడ్డారు.

"బాపూ, లడ్డు తిన్నది."

సదానందం సంతోషమన్నాడు. అయితే ఇక వచ్చే ఆదివారం దుకాణంలోనే ఉంటావు కదా అన్నాడు.

"ఉంట. కాని ఒకరు మనింటికి వస్తుండ్రు. నీతోని మాట్లాడాల్నట."

అవతల కొలతల టేపు టక్కున ముడుచుకున్న చప్పుడు వినిపించింది. వందన కళ్లు గట్టిగా మూసుకుంది. ఈ రెండు నెలల్లో ఏ పనికీ ఇంత భయపడలేదు.

"ఒక్కడే వస్తుండా?" అన్నాడు సదానందం నెమ్మదిగా. "ఒక్కడే వస్తే చాయ్ పోసి పంపిస్త. మాట్లాడాల్నంటే పెద్దమనుషులను తోలుకొని రమ్మను."

ఫోను గట్టిగానే వినిపించింది. కరుణాకర్‌కు తండ్రి లేడు, తల్లి కాగజ్‌నగర్‌లో, అన్న మస్కట్‌లో ఉన్నారు. అతను వందన వైపు చూశాడు. అప్పటికే శంకరవ్వ మెట్లెక్కి వచ్చి, వందన చేతిలోంచి ఫోను తీసుకుంది.

"అన్నా, నేను శంకరవ్వను, పిల్లగాని ఇంటి ఓనర్ను. వాళ్లవ్వను కాగజ్‌నగర్ నుంచి రేపే పిలిపిస్త. ఇద్దరం కలిసి వస్తం," అంది. కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది, "పొద్దుగాల మంచిర్యాల నుంచి ఎన్నింటి బస్సుకు ఎక్కాలె?"